వినని మాటకు చుక్క

“‘వచ్చినారు’ కాదు నాయనా, ‘వచ్చారు’ అను. గుంటూరు వాళ్ళు నవ్వుతారు,” అంది హేమ. తను పెళ్ళి చేసుకోబోయే హర్ష, వాళ్ళమ్మానాన్నలతో దారిలో ఉన్నాడు.

తండ్రి బయ్యన్న ఆమె లాప్‌టాప్‌కేసి వేలు చూపించాడు. “ఆ మాట ముందర చుక్కేంది?”

“అది ఐర్లాండ్ వాళ్ళ మూలభాషలో ‘మోస్తాడు’ అనే క్రియ. ఎవరూ వినలేదు, ఎక్కడా రాసి లేదు. దాన్నుంచి పుట్టిన పిల్లభాషల్ని బట్టి మా భాషాశాస్త్రం వాళ్ళమే కట్టాం. అందుకే చుక్క.”

“ఎవడూ వినని మాటకు చుక్క బెట్టి మొక్కుతాండావు. నా నోట్లో మాటకు సిగ్గుపడతాండావా? పో, వాళ్ళ ముందరికి నేను రాను!”

అతని గది తలుపు ధడాలున పడింది.

ఆ క్రియకు పొడుగు రూపమే పాతదని, అరిగి అరిగి పొట్టిదైందని థీసిస్‌లో రాసింది తనే. వచ్చినారు. వచ్చారు.

వాకిట్లో కారాగింది. హర్ష వాళ్ళు దిగుతుండగానే హేమ ఆ గది తలుపు తట్టి, అందరికీ వినబడేలా అరిచింది.

“నాయనా, వాళ్ళొచ్చినారు!”