ఏడాది గడువు

"తె... లు... గు!" అన్నాడు కొత్త తాసిల్దారు, చెవిటివాడికి చెప్పినట్టు ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ. "వచ్చే నెల నుంచి దస్త్రాలన్నీ తెలుగులోనే. రాయడం రాకపోతే గుమాస్తా పని ఉండదు. అటెండరు బిళ్ళ తగిలించుకోవాలి. అర్థమైందా?"

ఎదురుగా నిలబడ్డ పాత గుమాస్తా మున్షీ సాబ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇరవై రెండేళ్ళుగా భువనగిరి దగ్గరి ఆ కచేరిలో ఆయన చేయి పడని దస్త్రం లేదు. రైతు సర్వే నంబరు చెబితే చాలు, వెతకకుండానే ఆ మూట విప్పేవాడు. రెండు రాష్ట్రాలు ఒకటై ఏడాది దాటిందో లేదో, "సాబ్, సాబ్" అని వెంట తిరిగిన జనమే కోస్తా నుంచి వచ్చిన కొత్త గుమాస్తా బల్ల దగ్గర బారులు తీరారు.

మున్షీ సాబ్ సర్వీసు బుక్కు తాసిల్దారు బల్ల మీదే పడి ఉంది, ఎన్నడూ తెరవకుండా. అది ఉర్దూలో ఉంది. దొరగారికి ఉర్దూ రాదు. రాకపోయినా ఆయన్ని నేర్చుకోమన్నవాడు లేడు!

"మీ ఇబ్బంది నాకు తెలుసు లెండి." షేర్వానీనీ రూమీ టోపీనీ ఓసారి ఎగాదిగా చూసి తాసిల్దారు ఒక కాగితం ముందుకు తోశాడు. "తెలుగు మాతృభాష కానివాళ్ళకు ఏడాది గడువుంది. పేరు రాసి, మాతృభాష ఉర్దూ అని పెట్టండి. ఉద్యోగం నిలుస్తుంది."

కొత్త గుమాస్తా ముసిముసిగా నవ్వాడు.

అటెండరు జాఫర్ దగ్గరికొచ్చి గొణిగాడు. "రాయుండ్రి సాబ్. ఇంట్ల ఐదుగురు తినేటోళ్ళున్నరు. ఒక్క మాటనే గదా."

"గా ఒక్క మాటకే నా పానం మండుతాంది జాఫర్! నేను సదివిన బడిల ఉర్దూ రాత ఒక్కటే ఉండె. గదే నేర్సుకున్న. గిప్పుడు గదే తప్పాయె!"

"ఎందుకండీ ఆవేశం? ఉన్నదే కదా రాయమన్నాను," అన్నాడు తాసిల్దారు.

"ఉన్నదే రాస్త."

మున్షీ సాబ్ కలం అందుకున్నాడు. ఈ మార్పు వస్తుందని విని, నెల రోజులుగా బడిపంతులు మెహమూద్ దగ్గర పలక మీద తెలుగు అక్షరాలు దిద్దుతున్నాడు. రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశాడు. కాగితం బల్ల మీద విసిరికొట్టి, గోడకు వేలాడుతున్న అటెండరు బిళ్ళ తనే తీసుకుని బయటికి నడిచాడు.

తాసిల్దారు కాగితం తిప్పి చూస్తే వంకరటింకర అక్షరాల్లో ఉంది: "పేరు గుర్వయ్య, తండ్రి జానయ్య, మాతృభాష తెలుగు."