మిగిలిన ఫోను

కాన్సులేట్‌లోకి ఫోన్లు రానివ్వరు. వీసా కోసం వచ్చినవాళ్లు వాటిని ఎదురుగా ఉన్న ఇశ్రాయేలు కొట్టులో దాచుకుని వెళతారు. కాన్సులేట్ పాత భవంతిలో ఉన్నప్పటి నుంచీ ఆయనది ఇదే పని. అది రాయదుర్గం వైపు మారితే, ఆయనా వెంటే వచ్చాడు. చివరి వస్తువు ఇచ్చేదాకా కొట్టు మూయడు.

ఆ రోజు చీకటి పడినా ఒక ఫోను మిగిలింది. దానికి కట్టిన చీటీ మీద నీహారిక అని ఉంది. అది మోగింది. తెరపై ‘అమ్మ’.

“మీ పాప ఇంకా బయటికి రాలేదమ్మా,” అన్నాడు ఇశ్రాయేలు.

“అదేంటండీ! మధ్యాహ్నమే వచ్చేసిందిగా. ఇదిగో, నా ఎదురుగా అన్నం తింటోంది. ఫోన్ ఎక్కడ పెట్టిందో, మోగితే తెలుస్తుందని చేశాను.”

“ఏమైనా చెప్పిందా?”

“నోరే విప్పలేదండీ. వీసా రాలేదేమోనని నేనూ అడగలేదు. ఉండేది మేమిద్దరమే కదా.”

అంతలో గేటు కాపలాదారు కేకేశాడు. “జర ఆగు తాతా, మూసెయ్యకు! నీ ఆఖరి గిరాకీ వస్తుంది.”

పొద్దున ఫోను ఇచ్చిన అమ్మాయే. ఫైలు గుండెకు హత్తుకుని రోడ్డు దాటి వచ్చింది.

“సారీ తాతా, లోపల చాలా ఆలస్యమైంది. మా అమ్మ కంగారు పడుతుంటుంది,” అంటూ చేయి చాపింది.

ఇశ్రాయేలు ప్రభువును తలచుకున్నాడు. నిజం చెబితే ఆ తల్లి గుండె తట్టుకుంటుందా? చెప్పకుండా ఎలా ఊరుకోవడం?

“అమ్మా, మీ నీహారిక ఇక్కడుంది. మీరు మెల్లగా బయటికి వచ్చెయ్యండి,” అన్నాడు ఫోనులో.

అవతల కంచం పక్కకు జరిపిన చప్పుడైంది.

“గట్టిగా మాట్లాడకండి,” అంది తల్లి గుసగుసగా. “తినడం ఆపేసింది. లేచి తలుపు గడియ పెడుతోంది.”