దొర కారు

వెనక నుంచి హారను వినిపించింది. ఒకసారి పొడుగ్గా, కాస్త ఆగి ఇంకోసారి. బోధన్ రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళలో ఆ మోత ఎరగనివాడు లేడు. దొర కారు వస్తోంది.

ఆశన్న ఎడమకాలు దానంతట అదే పెడలు వదిలి నేలకోసం వెతుక్కోబోయింది. దాన్ని బలవంతాన ఆపాడు. వెనక క్యారియరుకు చెరో పక్కా కట్టిన పాలక్యాన్లు ఒక్క ఊపు ఊగి సర్దుకున్నాయి. ఇవాళ దిగకూడదు. పొద్దున్నే పెళ్ళాం ముందు మాట ఇచ్చి వచ్చాడు మరి.

నిజానికి దిగమని చెప్పేవాడు ఇప్పుడెవడూ లేడు. దొర ఎదురైతే సైకిలు దిగి, చెప్పులు విడిచి, తల వంచుకుని పక్కకు నిలబడాలన్నది నిజాం కాలం నాటి మాట. పోలీసు యాక్షన్ అయిపోయి పదిహేనేళ్ళు గడిచాయి. ఓట్లొచ్చాయి, పంచాయతీలొచ్చాయి. అయినా ఆ మోత వింటే చాలు, నడివయసు దాటిన వాళ్ళందరి కాళ్ళూ నేలమీదికి వచ్చేస్తాయి. దొర ఉండే గడీ ఈ చుట్టుపక్కల ఊళ్ళలో లేదు, నిజామాబాదుకు అవతలెక్కడో ఉంది. ఆయన మొహం ఎట్లా ఉంటుందో కూడా ఆశన్నకు సరిగ్గా తెలియదు. తల వంచుకుని నిలబడ్డవాడికి చక్రాలూ దుమ్మూ తప్ప ఇంకేం కనిపిస్తాయి? ఆ నల్ల కారు, దొరసాని ఘోషా కోసం కిటికీలకు కట్టించిన ఆకుపచ్చ పరదాలు, దొరంటే అతనికి అంతే.

దిగనివాడికి ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు. పోయిన వానాకాలం ఊళ్ళోని లింబాద్రి దిగనని మొండికేశాడు. కారు జానెడు ఎడం కూడా ఇవ్వకుండా రాసుకుంటూ పోయింది. లింబాద్రి కాలువలో పడి జబ్బ విరగ్గొట్టుకుని నెలపాటు మంచానికి అతుక్కుపోయాడు. కారెక్కినవాడి కంటికి సైకిలు మీది మనిషి మనిషిలాగే కనబడడని ఆ నెలంతా ఊరు ఊరంతా తిట్టిపోసింది. తిట్టినవాళ్ళే మర్నాటి నుంచి ఇంకాస్త ముందుగా దిగడం మొదలుపెట్టారు.

ఆశన్న బాధ వేరు. అతని కుడి మోకాలు ఎప్పుడో అరిగిపోయింది. ఎట్లాగో దిగుతాడు, మళ్ళీ ఎక్కాలంటేనే ప్రాణం మీదికి వస్తుంది. కాలు పైకి లేవదు. కాలు ఆనించి ఎక్కడానికి ఏదైనా మోరీ గట్టు దొరికేదాకా క్యాన్లతో సహా సైకిలు నెట్టుకుంటూ నడవాలి. అట్లా నడిచి నడిచి రోజూ ఆలస్యం. బోధన్ బస్టాండు పక్కన హోటలు నడిపే తుకారాం నిన్న ఇక మొహమాటపడలేదు. తొలి బస్సు వేళకు చాయ్‌కి పాలు లేకపోతే తన గిరాకీ పోతుందని, ఇవాళ కూడా ఆలస్యమైతే ఇంకొకరిని చూసుకుంటానని చెప్పేశాడు. ఆ హోటలు చేజారితే ఇంట్లో ఉన్న రెండు బర్లనూ అమ్ముకోవాల్సిందే.

పెళ్ళాం ఈరవ్వ పొద్దున ఇదంతా విన్నది. మోకాలికి కాపడం పెడుతూనే అన్నది.

"దొర కోసం బర్లను అమ్ముకుందామా? ఇయ్యాల దిగకు."

"దిగను," అన్నాడు ఆశన్న.

హారను మళ్ళీ మోగింది, ఈసారి వీపు మీదనే. చెరకు బండ్లు తిరిగే కాలం కూడా కాదు. రోడ్డంతా ఖాళీగా పడి ఉంది. కావాలంటే ఇంకో కారు కూడా పక్కనుంచి పోవచ్చు. ఆశన్న వీలైనంత ఎడమకు జరిగి, ఊపిరి బిగబట్టి తొక్కాడు.

కారు ఇంచు కూడా పక్కకు జరగలేదు. తలుపు పిడి అతని మోచేతిని గీరేసింది. హ్యాండిలు మెలిక తిరిగింది. మనిషీ, సైకిలూ, క్యాన్లూ కలిసి పక్క పొలంలో పడ్డారు. మూతలూడిన క్యాన్లలోంచి పాలు దుక్కిలోకి ఇంకిపోతుంటే ఆశన్న చూస్తూ కూర్చున్నాడు. అతనికి ఏడుపు కూడా రాలేదు, అంతగా అలసిపోయాడు.

కారు కాస్త దూరంలో ఆగింది. ముసలి డ్రైవరు గులాం ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చి అతన్ని లేవదీశాడు.

"దిగుతవనుకున్ననే అన్నా. రోజు దిగేటోనివి. గందుకే పక్కకు తిప్పలే."

ఆశన్న అతని చెయ్యి విడిపించుకున్నాడు. డ్రైవరుతో తనకేం పని? వాడు దొర చెప్పినట్టు చేసేవాడు. కుంటుకుంటూ నేరుగా కారు దగ్గరికి నడిచాడు. గులాం ముందుకు ఉరికి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"నా మాటిను. తలుపు మాత్రం తియ్యకు."

ఆ బతిమాలాటతో ఆశన్నకు రోషం ఇంకా పెరిగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ పరదా ముందు తలెత్తి నిలబడ్డాడు.

"దొరా, నా మోకాలు పోయింది. నా పాలు పోయినయి. ఇన్నేండ్లు నేను దిగిన. ఒక్కసారి నువ్వు దిగు."

లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు. పరదా కూడా కదల్లేదు. ఆ మాత్రం జవాబుకు కూడా తాను తగనా అనిపించేసరికి ఒళ్ళు మండిపోయింది. గులాంను పక్కకు నెట్టి తలుపు తెరిచాడు.

సీటు మీద, అడుగు నుంచి కప్పుదాకా, ఉల్లిగడ్డల బస్తాలున్నాయి.

"దొర ఏడి?" అన్నాడు ఆశన్న.

గులాం జారబోతున్న బస్తాను లోపలికి నెట్టాడు.

"దొర గీ కారును మార్కెట్ల సేటుకమ్మి మూడేండ్లాయె."