నమ్మేలా లేని సైనికుడు

"సైనికుడా? సరే, చదువు," అన్నాడు దర్జీ వాచీ మెకానిక్‌తో, కుట్టుమిషన్ మీద మూత వేసి పాచికలు ముందుకు లాక్కుంటూ.

ఆదివారం. దర్జీ కొట్టు షట్టర్ సగం దించి ఉంది. ఆ ఆట తెచ్చిందీ, మిగతా ముగ్గురికీ నేర్పిందీ వాచీ మెకానిక్కే. ఒక్కొక్కరూ ఒక పాత్రను కల్పించుకోవాలి. దాని గతం రాసుకొచ్చి చదవాలి. నమ్మేలా ఉందని అందరూ ఒప్పుకుంటేనే ఆ పాత్రకు ఆటలో చోటు.

దర్జీ గూఢచారి అయ్యాడు. సముద్రం మొహం చూడని మందుల షాపాయన ఓడ కెప్టెన్ అయ్యాడు. ఎలక్ట్రీషియన్ బ్యాంకు దొంగ. వాళ్ల కథలకు ఎవరూ వంక పెట్టలేదు.

వాచీ మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. తను రాసింది రాసినట్టు వాళ్లు ఒప్పుకోవాలి. అతనికి కావలసింది అంతే.

"వాగు దాటుతుండగా సైనికుడి కాలికి తూటా తగిలింది. తోటివాళ్లను కేకేశాడు. వాళ్లు విన్నారు. వెనక్కి తిరిగి చూశారు. చూసి, వెళ్లిపోయారు."



"మా చెవిలో పువ్వులు పెట్టకురా," అన్నాడు దర్జీ. "ఒకే కంచంలో తిన్నవాళ్లు అలా చేస్తారా? వాళ్లకు వినపళ్లేదని రాయి."

"విన్నారు."

"పోనీ చీకటని పెట్టు," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"పట్టపగలు."

మందుల షాపాయన కళ్లజోడు తీసి తుడిచాడు. "ఆటకొచ్చావా, కోర్టుకొచ్చావా? వెళ్లిపొమ్మని వాడే చెప్పాడని రాసెయ్. వాడు వీరుడవుతాడు. ఎవరి మనసూ నొచ్చుకోదు."

"ఎవరి మనసు?"

"ఆడేవాళ్లదిరా! ఇంకెవరిది?"

దర్జీ సుద్దముక్కతో బల్ల మీద గీతలు గీస్తున్నాడు. ఎలక్ట్రీషియన్ పాచికను గిరగిరా తిప్పుతున్నాడు. ఒక్కడైనా 'సరే' అంటాడేమోనని వాచీ మెకానిక్ ఒక్కొక్కరి మొహం వంకా చూశాడు.

తర్వాత కలం తీశాడు. ఆ నాలుగు మాటలూ కొట్టేశాడు. 'మీరు వెళ్లండి, నా సంగతి వదిలేయండి అన్నాడు' అని రాసి, పైకి చదివాడు.

"అదీ!" దర్జీ బల్ల చరిచాడు. "ఇప్పుడు నమ్మబుద్ధేస్తోంది. పాత్ర పాస్!"

"నేనిక ఆడను. మీరాడుకోండి."

"అదేంట్రా, ఇంకా మొదలే పెట్టలేదుగా!"

అతను బల్ల కింద నుంచి పెట్టుడుకాలు ఇవతలికి లాక్కుని లేవబోతే, ఆనాడు వాగు ఒడ్డున వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోయిన ఆ ముగ్గురూ, పడిపోతాడేమోనని ఒక్కసారిగా చేతులు చాచారు.