చెవి దాకా

"మామా, ఎడమ కొమ్మ ఇంక మొండిగనే ఉన్నది సూడు," అంది స్వర్ణ, గోడ మీది నీడను వేలితో చూపిస్తూ.

కోడలి కన్ను మీద దుబ్బయ్యకు నమ్మకం ఎక్కువ. గుంజ తలమీద అడ్డంగా కట్టిన విల్లు నారిని, ఆ గుంజకు వరసగా కోసిన గాట్లలో ఇంకో గాటు కిందికి లాగి తగిలించాడు. పొద్దుటెండకు విల్లు నీడ సున్నపు గోడ మీద పడింది. ఆ గోడ మీద ఆయన ముందే బొగ్గుతో ఒక వంపు గీసి పెట్టుకున్నాడు. నడిమి పట్టుకు కుడివైపు కొమ్మ నీడ గీత మీద చక్కగా కూర్చుంది. ఎడమ కొమ్మ మాత్రం రెండు వేళ్ల ఎత్తున బిగుసుకుని ఉంది.

"ఒకటి మొండికేస్తే బరువంత రెండోదాని మీద పడ్తది బిడ్డా. ఆ గాజుపెంకు ఇటియ్యి."

విల్లును దింపి ఒళ్లో పెట్టుకుని, ఎడమ కొమ్మ లోపలివైపు గీరసాగాడు. నాలుగు గీకులు గీకడం, గుంజకెక్కించి నీడ చూడడం, మళ్లీ దింపడం. సిద్దిపేటలో ఆయన చేసిన తలుపులు, మంచాలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో ఆయనకే తెలియదు. వాటిని ఎవరైనా మెచ్చుకుంటే తలూపి ఊరుకుంటాడు. ఏడాదికొక్కసారి నంగునూరు వాళ్లకు చేసిచ్చే విల్లు సంగతి వేరు. నలభై ఏళ్లుగా ఆ విల్లు తనదైనందుకే నలుగురిలో తలెత్తుకు తిరిగాడు. పోయినేడు ఆ తల కాస్తా వంగిపోయింది. ఊరంతా చూస్తుండగా నంగునూరు కుర్రాడు వినయ్ నారి లాగినప్పుడు జనం నవ్విన నవ్వు ఇంకా ఆయన చెవుల్లోంచి పోలేదు.

బయట బండి ఆగింది. నంగునూరు నుంచి ప్రభాకర్ వచ్చాడు. ఏటా ఊరి తరఫున ఈ పని అప్పజెప్పేది ఆయనే.

"ఎంతదాక వచ్చింది దుబ్బయ్యా?"

"ఇయ్యాల ఒడుస్తది పటేలా. కూసోండ్రి."

ప్రభాకర్ కూర్చోలేదు. "కోపం చెయ్యకు. హైదరాబాదుల తయారుగ దొరుకుతున్నయి, తెప్పిద్దామని మా పోరగాండ్లు ఒకటే గోల. పోయినేడు వినయ్ నెల దినాలు మొఖం సూపియ్యలే. మా మనుమరాలు రిషిత పావుగంట అట్లనే నిలబడి, రెక్కలు నొప్పి పుట్టి, పాపం అందరి ముంగట ఏడ్సింది. ఇంకొక్కసారి సూద్దామని నేనే ఆపిన."

దుబ్బయ్య చేతిలో గాజుపెంకు ఆగిపోయింది. ఆ పిల్ల ఏడుపు ఆయనా చూశాడు. ఆ రోజు అన్నం సహించలేదు.

"తప్పు నాదే పటేలా. పోయినేడు కర్ర పచ్చిది. ఎండకముందే తొందరపడి పని పట్టిన. గిది ఏడాది సంది అటుక మీద ఎండిన కర్ర. కొట్టి సూడుండ్రి."

ప్రభాకర్ వేలి గణుపుతో కొట్టాడు. ఖంగుమంది.

"మరి చెవి దాక లాగంగ ఆగుతదా?"

"చెవి దాక ఆగుతది. గా మాట నాది."

"గీసారి గూడ గట్లనే అయితే?"

"మల్ల నా గడప తొక్కకుండ్రి. ఉలి, బాడిసె నేనే మూటగట్టి అటుకెక్కిస్త."

ప్రభాకర్ బండెక్కి వెళ్లిపోయాడు. స్వర్ణ చాయ్ తెచ్చిచ్చి అడిగింది.

"ఒక మాటంటె తిట్టవు గద మామా? అందరు చేసినట్ల నడుమ జెర దొంగపని చేస్తే ఒక్క పూటల ఒడుస్తుండె. ఎందుకింత యాతన?"

"దేవుని ముంగట పెట్టేదాంట్ల దొంగపనేంది బిడ్డా? రెండు కొమ్మలు సమంగ వంగాలె, నడుమ భారమంత మొయ్యాలె. గంతే."

మధ్యాహ్నానికి ముందే ఎడమ కొమ్మ నీడ గీత మీదికి దిగింది. దుబ్బయ్య అప్పుడు నడిమి పట్టు దగ్గరికి వచ్చాడు. రెండు గీకులు గీకాడు. వేలితో తడిమి, కళ్లు మూసుకుని ఆలోచించి, ఇంకొక్కటి గీకాడు. ఒక్క గీకు ఎక్కువైనా పరువు పోతుంది, తక్కువైనా పోతుంది. గుంజ మీద నారిని ఒక్కో గాటే దింపి, చివరి గాటుకు ముందు ఆపేశాడు.

"ఆఖరి గాటు దాక లాగి సూడవా?"

"అది సూసుడు నా వంతు గాదు బిడ్డా."

పట్టుకు వెండి కాగితం చుట్టాడు.

గురువారం పొద్దున మామా కోడళ్లు ఆటోలో నంగునూరు పోయారు. బడి మైదానం నిండా జనం. ప్రభాకర్ ముందుకు రమ్మన్నా దుబ్బయ్య పోలేదు. వెనక పందిరి గుంజ చాటున నిలబడ్డాడు. మళ్లీ నవ్వితే ఎవరికీ కనబడకుండా పోవచ్చనే ఆయన ఆలోచన.

వినయ్ విల్లును రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు. పోయినేటి భయం అతని మొహంలో కనిపిస్తూనే ఉంది. నారి పట్టి లాగాడు. రెండు కొమ్మలూ ఒక్కలాగే వంగాయి. నారి గడ్డం దాటింది, దవడ దాటింది. దుబ్బయ్య వేళ్లు పందిరి గుంజ మీదే తన ఇంటి గుంజ గాట్లు లెక్కపెడుతున్నాయి. నారి చెవి దాకా వచ్చింది.

ఫెళ్లుమని విల్లు నట్టనడుమకు విరిగింది. రెండు ముక్కలూ నారికి వేలాడాయి.

స్వర్ణ మామ భుజం పట్టుకుంది. దుబ్బయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి కన్నీళ్లు కారిపోతున్నాయి.

సీత వేషంలో ఉన్న రిషిత ముందుకొచ్చి వినయ్ మెడలో దండ వేసింది.