ఆరుద్ర లేని ఆకాశం

“పప్పుచారు కాచుకునే గిన్నెలో చుక్కల ఫొటోకి మందు కాచారా మేడమ్?” అన్నాడు కార్తిక్.

హాలంతా నవ్వింది. ఆ రెండో శనివారం సత్తెనపల్లి కాలేజీ హాల్లో ఉన్నది ముప్పై మంది. అందులో ఇరవై మంది మంగళగిరి నుంచి కార్తిక్ వెంట వచ్చిన అతని ఆకాశం క్లబ్బు వాళ్లే. నవ్వక ఏం చేస్తారు?

ఈ చుక్కల ఫొటో పోటీకి షరతులు పెద్దగా లేవు. ఆకాశాన్ని తీసే పాత ఫిల్ములూ ప్లేట్లూ ఇప్పుడు కొందామన్నా దొరకవు. అందుకని ఎవరి ఎమల్షన్ వాళ్లే చేసుకోవాలి. జెలటిన్ కరిగించి, వెండి లవణం కలిపి, గాజు పలకకి పూత పూయాలి. ఆ పలక మీద వరసగా ఉండే గొల్లకావడి మూడు చుక్కలూ, చుట్టూ ఆరుద్రతో కలిపి ఉన్న నాలుగు పెద్ద చుక్కలూ పట్టాలి. డిజిటల్ కెమెరా ముట్టుకోకూడదు. గెలిచినవాళ్లకి కాలేజీ వాళ్ల పాత టెలిస్కోపు ఇస్తారు.

దానికోసమే వచ్చింది హెలెన్. పక్క ఊరి హైస్కూల్లో సైన్సు టీచరు. ఆవిడ పిల్లలకి శనిగ్రహమంటే పాఠ్యపుస్తకంలో అచ్చు చెడిన నల్లటి మచ్చ. టెలిస్కోపు వస్తుందని వాళ్లు అప్పుడే బడి డాబా ఊడ్చి పెట్టారట. పిల్లలు కదా, ఏదైనా నమ్ముతారు.

కార్తిక్ ఊడవడం దగ్గర ఆగే మనిషి కాదు. క్లబ్బు ఆఫీసులో టెలిస్కోపుకి స్టాండు కూడా చేయించేశాడు. ఫలితం ఇంకా రాలేదు గానీ ఫ్లెక్సీ వచ్చి హాలు గోడ ఎక్కేసింది. క్లబ్బు డిజిటల్ కెమెరాతో తీసిన ఇదే ఏడు చుక్కల ఆకాశం, దాని ముందు చేతులు కట్టుకుని కార్తిక్. ఆకాశం కన్నా కార్తికే పెద్దగా ఉన్నాడు.

“అసలు మీకు డార్క్‌రూమ్ ఉందా మేడమ్?”

“లేదు సార్. వంటింటి కిటికీలకి దుప్పట్లు కట్టాను. మా క్రిస్మస్ స్టార్‌లో ఎర్ర బల్బు ఉంటే అది పెట్టుకున్నాను.”

మళ్లీ నవ్వు.

“బల్బు వరకు కరెక్టే. నేనూ ఎర్ర బల్బు కిందే పూశాను. ఇంట్లో చేసిన పూతకి ఎర్ర వెలుతురు కనబడదండీ, అది శుద్ధ గుడ్డి. ఆ మాత్రం తెలుసుకున్నారు, సంతోషం!”

జడ్జి హుస్సేన్ సాహెబ్ ఇదంతా వింటూ కూర్చున్నాడు. గుంటూరులో నలభై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. కునుకు తీస్తున్నాడనే అనుకున్నారు అందరూ. ఆయన లేచి, కింద నుంచి లైటు వెలిగే బల్ల మీద రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టాడు.

గాజు మీద చుక్కలు నల్లగా పడతాయి. కార్తిక్ ప్లేటు మీద ఏడూ మిరియాల్లా నిండుగా ఉన్నాయి. హెలెన్ ప్లేటు మీద ఆరే. ఏడోదాని చోట ఏదో నలుసు, అదీ వంగి వెతికితేనే.

కార్తిక్‌కి ఇంకేం కావాలి?

“ఆరుద్ర ఏదండీ ఇందులో? తొలకరిలో పత్తి చేలో ఆరుద్ర పురుగుని చూళ్లేదా మీరెవరూ? అంత ఎర్రగా మండుతుంటుంది ఆ చుక్క! పసిపిల్లాడైనా వేలు పెట్టి చూపిస్తాడు. అది పడలేదంటే ఈవిడ ఆకాశం వైపు చూడనే లేదు. బొమ్మ ముందు పెట్టుకుని చుక్కలు పెట్టుకుంది, ఒకటి మర్చిపోయింది.”

“రెండుసార్లు తీశాను సార్,” అంది హెలెన్ చిన్న గొంతుతో. “రెండుసార్లూ అది సరిగా పడలేదు. నా పూతే కుదరలేదనుకుంటా.”

ఇలాంటి వాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. నోరు పెట్టుకుని దబాయించడం రాని మనిషి పోటీలకి ఎందుకు రావాలి? హెలెన్ ప్లేటు చుట్టి తెచ్చుకున్న పాత తువ్వాలు తీసి, మడతలు విప్పుతూ నిలబడింది. సోమవారం పిల్లల మొహాలు ఎలా చూడాలా అన్నదే ఆవిడ బాధ.

“డిస్‌క్వాలిఫై చేయండి సాహెబ్ గారూ! మోసాన్ని మొదట్లోనే తుంచెయ్యాలి,” అన్నాడు కార్తిక్. క్లబ్బు మొత్తం చప్పట్లు కొట్టింది. కోటేష్ అనే వాడు ఈల కూడా వేశాడు.

సాహెబ్ భూతద్దం తీశాడు. కార్తిక్ ప్లేటునీ, గోడ మీది ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూశాడు.

“నిజమే బాబూ, మోసాన్ని తుంచెయ్యాల్సిందే,” అన్నాడు.

కార్తిక్ ఫొటోకి నిలబడినట్టు చొక్కా సర్దుకున్నాడు.

“ఒక్క సందేహం తీర్చు. ఎర్ర వెలుతురే కనబడని నీ ప్లేటుకి, ఎర్రటి ఆరుద్ర ఇంత లావున ఎలా కనబడింది నాయనా?”