అందరూ దారికొచ్చారు

చిత్తూరులో తన ఇంటి హాల్లో, దొరస్వామి ఇస్త్రీ చొక్కా సర్దుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. మూడుసార్లు ఎమ్మెల్యే. ఆ తర్వాత వరసగా రెండుసార్లు ఓటమి. డెబ్బై ఆరేళ్ల వయసులో ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, వచ్చే ఎన్నికల్లో టికెట్టు. పదేళ్లుగా ఇటు తొంగిచూడని టీవీ చానల్ తనంతట తానే ఫోన్ చేసి వచ్చిందంటే, పార్టీ పెద్దలు తన పేరు అనుకుంటున్నట్టే.

"ఇప్పటి రాజకీయాల గురించి చెప్పండి సార్" అంది విలేకరి స్రవంతి.

"రాజకీయం యాడుండాదమ్మా? సెల్ఫీలు దిగేవాడు నాయకుడు. వాడి జెండా మోసేవాడు రేపు ఇంకొకడి జెండా మోస్తాడు. జనం తక్కువా? బిర్యానీ పొట్లం సూపిస్తే వడమాలపేట నుంచి లారీ ఎక్కి వస్తారు. గొర్రెలు."

"ఇది ఉంచమంటారా సార్?"

"ఉంచు. నాకెవడి భయం?"

అలవాట్ల గురించి అడిగింది. ఆయన ఛాతీ విరుచుకున్నాడు.

"నాలుగ్గంటలకు లేస్తా. మందు లేదు, సిగరెట్టు లేదు. ఈ కాలం పిల్లోళ్లు నలభైకే మాత్రలు మింగతా ఉండారు. పోయిన నెల రవంత కడుపు నొస్తే మావోళ్లు వేలూరికి తీస్కపోయి అన్ని పరీక్షలూ చేయించినారు. ఏమీ లేదంట. పథ్యం కూడా వద్దు, ఇష్టమొచ్చింది తినమన్నారు."

స్రవంతి చేతిలోని కాగితం చూసుకుంది.

"మీ ప్రత్యర్థి జయరావు గారిని నిన్న కలిశాం. మీరు మచ్చలేని నాయకుడన్నారు."

దొరస్వామి పగలబడి నవ్వాడు. నలభై ఏళ్లు తనను దొంగ అని తిట్టినవాడు.

"సూసినావా? నాకు టికెట్టొస్తాదని పసిగట్టినాడు. కాళ్లబేరానికొచ్చినాడు."

దారికొచ్చింది జయరావు ఒక్కడే కాదు. ప్రతిదానికీ ఎదురుచెప్పే కొడుకు ప్రతాప్ నెల రోజులుగా ఏమన్నా "అట్లే నాయనా" అంటున్నాడు. పొలం గట్టు తగాదాతో మాటలు మానేసిన తమ్ముడు ఆదిమూలం, ఐరాల నుంచి బుట్టెడు మామిడిపండ్లు మోసుకొచ్చి గంటసేపు పక్కనే కూర్చుని వెళ్లాడు. పదవి వాసన తగిలితే ఎంతటివాడైనా తోక ఊపాల్సిందే. తలుచుకుంటే దొరస్వామికి అసహ్యం వేసింది.

"ఆఖరుగా ప్రజలకు ఏం చెబుతారు సార్?"

"నా అట్లావాడు మళ్లీ దొరకడు. బుద్ధిగా ఓటెయ్యండి, అంతే."

ఇది టీవీలో ఎప్పుడు వేస్తారని ఆయన అడిగాడు. "తొందర్లోనే సార్" అంది స్రవంతి, మైకు వైరు చుడుతూ.

సాగనంపడానికి గేటు దాకా వచ్చిన ప్రతాప్ వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నాయనకు మేమింకా చెప్పలేదు మేడం, డాక్టర్లు ఇంకో నెల దాటదన్నారు, మీరన్నట్టే ఇది ఆయన పోయిన పొద్దే వెయ్యండి."